హైబ్రిడ్ సోలార్ ఇన్వర్టర్: లెక్క నుంచి స్విచ్ దాకా

పైకప్పు నిండా ప్యానెళ్ళుంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటుంది. అయినా కరెంటు పోగానే ఇల్లంతా ఆగిపోతుంది. సోలార్ పెట్టించుకున్న చాలామందికి ఇది పెద్ద నిరాశ. మామూలు గ్రిడ్ టై ఇన్వర్టర్ గ్రిడ్ (విద్యుత్ సంస్థ లైను) వోల్టేజ్‌ని చూసుకుంటూ దానితో కలిసి నడుస్తుంది. గ్రిడ్ పోతే అది ఆగి తీరాలి. లేకపోతే లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కిన మనిషికి మన ఇంటి నుంచి వెళ్ళే కరెంటు తగులుతుంది. ఈ రక్షణనే యాంటీ ఐలాండింగ్ అంటారు. దాన్ని ఎవరూ తీసేయకూడదు.

హైబ్రిడ్ ఇన్వర్టర్ ఈ చిక్కును వేరే దారిలో విప్పుతుంది. ప్యానెళ్ళ నుంచి వీలైనంత పవర్ లాగే ఎంపీపీటీ, బ్యాటరీ ఛార్జర్, ప్యానెళ్ళూ బ్యాటరీ ఇచ్చే డీసీని ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్, గ్రిడ్‌కీ ఇంటికీ మధ్య ఉండే రిలే, ఈ నాలుగూ ఒకే పెట్టెలో ఉంటాయి. గ్రిడ్ పోయిన క్షణంలో రిలే ఇంటిని లైను నుంచి విడదీస్తుంది, ఇన్వర్టర్ తనంతట తాను వోల్టేజ్ తయారుచేసి బ్యాకప్ వైపుకు ఇస్తుంది.

కొనే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ‘హైబ్రిడ్’ అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి మిగిలిన సోలార్ పవర్‌ను గ్రిడ్‌కి కూడా పంపగలదు. రెండోది గ్రిడ్ నుంచి తీసుకోగలదే గానీ తిరిగి పంపలేదు. నిజానికి అది ఏసీ ఇన్‌పుట్ ఉన్న ఆఫ్ గ్రిడ్ ఇన్వర్టర్. రెండోది తక్కువరకం అని కాదు. గ్రిడ్ లేని చోటికీ, బ్యాకప్ ఒక్కటే కావాల్సిన ఇంటికీ అదే చాలు. మీకు నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కి పంపిన కరెంటును బిల్లులో తగ్గించే పద్ధతి) కావాలంటే మాత్రం మొదటి రకమే తీసుకోవాలి, దానికి మీ విద్యుత్ సంస్థ అనుమతి కూడా ఉండాలి.

మొదటి పని: చీకట్లో ఏవి నడవాలో రాయండి

ఇన్వర్టర్ బొమ్మలు చూడకముందే ఒక కాగితం తీసుకోండి. ‘ఇల్లంతా నడవాలి’ అని మొదలుపెడితే ఖర్చు రెట్టింపవుతుంది, అయినా తృప్తి ఉండదు. కరెంటు లేనప్పుడు ఏవి తప్పనిసరిగా నడవాలి, ఏవి ఆగినా పర్వాలేదు అని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. నా దృష్టిలో ఈ గంట సేపటి పనే మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైనది.

ఒక ఉదాహరణ చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, రోజుకు 5 గంటలు వెలిగితే 0.27 యూనిట్. 70 వాట్ల ఫ్యాన్లు మూడు, 10 గంటలు తిరిగితే 2.1 యూనిట్లు. ఫ్రిజ్ రోజుకు సుమారు 1.2 యూనిట్లు. ఇంటర్నెట్ రౌటర్ 10 వాట్లే కానీ రాత్రీ పగలూ ఉంటుంది కాబట్టి 0.24. టీవీ 0.32, ల్యాప్‌టాప్ 0.3 అనుకోండి. మొత్తం 4.4 యూనిట్లు.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఇన్వర్టర్ సొంత తిండి. ఏ లోడూ లేకుండా ఖాళీగా ఉన్నా 3 నుంచి 5 కిలోవాట్ల ఇన్వర్టర్లు చాలావరకు 30 నుంచి 60 వాట్ల దాకా తింటూనే ఉంటాయి. 50 వాట్లు అనుకుంటే రోజుకు 1.2 యూనిట్లు, అంటే ఇంకో ఫ్రిజ్ పెట్టినట్టే. స్పెక్స్ షీట్‌లో ‘నో లోడ్ కన్సంప్షన్’ అనే వరుసలో ఇది ఉంటుంది, తప్పకుండా చూడండి. అవసరానికి మించి పెద్ద ఇన్వర్టర్ కొనవద్దని చెప్పేది ఇందుకే. పెట్టె పెద్దదైన కొద్దీ ఈ తిండి కూడా పెరుగుతుంది.

ఇది కలిపితే మన లెక్క 5.6 యూనిట్లకు చేరింది. ఇప్పుడు ఆ మూడు ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మార్చారనుకోండి. 1.2 యూనిట్లు తగ్గిపోతాయి. అంటే ఇన్వర్టర్ తినేదంతా అక్కడే తిరిగొచ్చింది. బ్యాటరీ పెంచడం కంటే వాడకం తగ్గించడం ఎప్పుడూ చవక.

ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్ లాంటివి వేరే వరుసలో రాయండి. 2000 వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ పోతుంది. గ్రిడ్ ఉన్న ఇంట్లో వీటిని బ్యాకప్‌లో కలపకుండా నేరుగా గ్రిడ్ మీదే వదిలేయమని నా సలహా.

ఇన్వర్టర్ సైజు

యూనిట్లు బ్యాటరీకి లెక్క. ఇన్వర్టర్‌కి కావాల్సింది ఒకేసారి ఎన్ని వాట్లు నడుస్తాయన్నది. పై ఉదాహరణలో అన్నీ కలిసినా 600 వాట్లు దాటవు. మిక్సీ వేస్తే ఇంకో 750. అంటే 1400 లోపే. కానీ మోటారు ఉన్న చాలా వస్తువులు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతాయి. ఒక హార్స్‌పవర్ నీళ్ళ పంపు నడిచేటప్పుడు సుమారు 1000 వాట్లు తీసుకుంటే, స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ రెండు మూడు క్షణాలు 4 నుంచి 6 రెట్లు లాగవచ్చు. కాబట్టి పంపు లేని ఇంటికి 3 కిలోవాట్లు హాయిగా సరిపోతాయి. పంపు కూడా కావాలంటే 5 కిలోవాట్లు చూడాలి, లేదా పంపుని మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్ పెట్టుకోవాలి.

సర్జ్ సామర్థ్యం (ఇలా ఒక్కసారిగా లాగే లోడును మోసే శక్తి) ఎంతసేపు అన్నది కూడా అడగండి. ‘10 కిలోవాట్ల సర్జ్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, అది ఎన్ని సెకన్లు నిలుస్తుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత తరహా ఇన్వర్టర్లు మోటార్లను బాగా ఓర్చుకుంటాయి, కానీ ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ తింటాయి. తేలికైన హై ఫ్రీక్వెన్సీ రకం తక్కువ తింటుంది కానీ సర్జ్‌ని అంతగా తట్టుకోదు. బోరు పంపు మీద ఆధారపడే ఆఫ్ గ్రిడ్ ఇంటికి నేనైతే బరువైనదే ఎంచుకుంటాను.

కేవీఏ, కిలోవాట్ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 5 కేవీఏ ఇన్వర్టర్ ఇచ్చేది 4 కిలోవాట్లే.

బ్యాటరీ

కొత్తగా పెట్టేవారికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే నా సిఫారసు. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, పదహారు సెల్స్ వరసగా కలిపితే 51.2 వోల్టులు. 100 ఆంపియర్ అవర్ ప్యాక్ అంటే 5.12 యూనిట్లు. అందులో 80 శాతం వాడుకుంటే 4.1, ఏసీగా మార్చడంలో పోయేది తీసేస్తే చేతికి వచ్చేది 3.7 దాకా. పై ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లుంటే ఒక రాత్రి దీనితో గడిచిపోతుంది. మామూలు ఫ్యాన్లయితే తెల్లవారేసరికి అంచు దాకా వస్తుంది.

లెడ్ యాసిడ్ ట్యూబులర్ బ్యాటరీలు 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ నాలుగు పెడితే కాగితం మీద 7.2 యూనిట్లు. సగానికి మించి ఖాళీ చేస్తే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి లెక్కకు 3.6 మాత్రమే. కరెంటు అరుదుగా పోయే చోట ఇవి ఇప్పటికీ మంచివే. డిస్టిల్డ్ వాటర్ పోయడం, గాలి ఆడే చోట ఉంచడం మరవకూడదు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. పాత బ్యాటరీలతో కొత్తవి కలిపి వాడొద్దు.

వోల్టేజ్ విషయంలో 48 వోల్టుల సిస్టమే తీసుకోండి. 3000 వాట్లకు 24 వోల్టుల దగ్గర 125 ఆంపియర్లు పారాలి, 48 దగ్గర 63 చాలు. తీగలు, ఫ్యూజులు, వేడి అన్నీ సగమవుతాయి. 5 కిలోవాట్ల పూర్తి లోడు మీద 48 వోల్టుల దగ్గర కూడా 110 ఆంపియర్లు దాటుతుంది. మీ బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే కంట్రోల్ బోర్డు) అంత ఇవ్వగలదా అన్నది చూసుకోకపోతే, మిక్సీ, పంపు కలిసి నడిచిన రోజు బీఎంఎస్ టక్కున ఆపేస్తుంది.

ఇన్వర్టర్, బీఎంఎస్ క్యాన్ లేదా ఆర్ఎస్485 అనే డేటా కేబుల్ ద్వారా మాట్లాడుకుంటే ఛార్జింగ్ హద్దులు వాటంతట అవే సర్దుకుంటాయి. రెండు వైపులా ఇంటర్నెట్ కేబుల్ లాంటి ప్లగ్గే ఉంటుంది కానీ లోపలి తీగల వరస కంపెనీని బట్టి మారుతుంది. ప్లగ్ దూరింది కదా అని పనిచేస్తుందనుకోవద్దు. ఇన్వర్టర్ తెర మీద బ్యాటరీ శాతం, సెల్ ఉష్ణోగ్రత కనిపిస్తేనే మాట కలిసినట్టు. ఇంకొకటి: సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఈ లిథియం సెల్స్‌ని ఛార్జ్ చేయకూడదు, శాశ్వతంగా పాడవుతాయి. చలి ప్రాంతమైతే బ్యాటరీ ఇంటి లోపలే ఉండాలి.

ప్యానెళ్ళు: రెండు హద్దుల మధ్య

ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్క సులువే. రోజువారీ యూనిట్లను మీ చోట దొరికే పూర్తి ఎండ గంటలతో, ఆ తర్వాత నష్టాలకు 0.75తో భాగించండి. 5.6 యూనిట్లకు, నాలుగున్నర గంటల ఎండకు 1.7 కిలోవాట్లు వస్తుంది. గ్రిడ్ లేకపోతే మాత్రం ఏడాదిలో అన్నిటికంటే మబ్బు పట్టే నెలను తీసుకోవాలి. అప్పుడు 3 గంటలే అనుకుంటే 2.5 కిలోవాట్లు అవుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది వరసగా ఎన్ని ప్యానెళ్ళు కలపాలన్న చోట. 550 వాట్ల ప్యానెల్‌కి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (లోడు లేనప్పటిది) సుమారు 50, పనిచేసే వోల్టేజ్ సుమారు 42 ఉంటుంది. ఇవి 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెలు. చలిలో వోల్టేజ్ పెరుగుతుంది, వేడిలో తగ్గుతుంది.

ఇన్వర్టర్ గరిష్ఠ హద్దు 500 వోల్టులు అనుకోండి. పది ప్యానెళ్ళు కలిపితే సరిగ్గా 500, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 5 డిగ్రీల చలి ఉదయం, డిగ్రీకి 0.27 శాతం చొప్పున వోల్టేజ్ 5.4 శాతం పెరిగి 527 అవుతుంది. ఆ ఒక్క ఉదయం చాలు ఇన్వర్టర్ లోపలి భాగాలు కాలిపోవడానికి. ఇలాంటిదానికి వారంటీ కూడా రాదు. తొమ్మిది ప్యానెళ్ళతో 474, అది క్షేమం. మీ దగ్గర ఎన్నడూ రానంత చలికి లెక్క వేసుకోండి.

రెండో హద్దు గురించి ఎవరూ హెచ్చరించరు. ఎంపీపీటీ పనిచేయడానికి కనీస వోల్టేజ్ ఉంటుంది, ఉదాహరణకు 120. మూడు ప్యానెళ్ళే పెడితే 126, దాటినట్టే ఉంది. కానీ ఎండాకాలం మధ్యాహ్నం ప్యానెల్ లోపల 65 డిగ్రీలు ఉంటే వోల్టేజ్ 14 శాతం పడిపోయి 108కి వస్తుంది. ఎండ బాగా ఉన్న వేళ, ఏమీ రాని పరిస్థితి. ఐదు ప్యానెళ్ళు కలిపితే 210, వేడిలోనూ 180. ఇక దిగులు లేదు.

వేర్వేరు దిక్కులకు తిరిగిన ప్యానెళ్ళను ఒకే వరసలో కలపకండి, వేర్వేరు ఎంపీపీటీలకు ఇవ్వండి. నీళ్ళ ట్యాంకు నీడ రోజంతా ఎలా కదులుతుందో బిగించే ముందే ఒకసారి చూసుకోండి.

బిగింపు

ఇది అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. కానీ ఏం చేస్తున్నారో మీకు తెలిసి ఉండాలి, దగ్గరుండి అడగాలి.

ఇన్వర్టర్‌ని మండని గోడ మీద, ఎండ తగలని చోట, పైనా కిందా అర మీటరు, పక్కల ఒక జానెడు ఖాళీతో బిగించాలి. పడకగదికి దూరంగా ఉంటే మంచిది, ఫ్యాన్ చప్పుడు రాత్రిపూట గట్టిగా వినిపిస్తుంది.

డీసీ వైపు ఏసీ బ్రేకర్లు వాడనివ్వకండి. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు, ఆ నిప్పురవ్వ (ఆర్క్) మొదలైతే బ్రేకర్ లోపలే మండుతూ ఉంటుంది. డీసీ బ్రేకర్లలో కొన్నిటికి ప్లస్, మైనస్ దిక్కు కూడా ఉంటుంది, తిరగేసి పెడితే అవసరమైన రోజు పనిచేయవు. ప్యానెల్ తీగలు కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండూ ఒకే కంపెనీవి కావాలి, వేర్వేరు కంపెనీలవి దూరినా లోపల పట్టు సరిగ్గా ఉండక వేడెక్కుతాయి. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారతాయి, దాన్ని తెంచగలిగే టీ క్లాస్ లాంటి ఫ్యూజు కావాలి. పిడుగుల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్లు డీసీ వైపూ ఏసీ వైపూ రెండూ ఉండాలి.

ఇక న్యూట్రల్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో రెండు రోజులు తిప్పలు పెట్టింది ఇదే. బ్యాకప్ లోడ్ల కోసం వేరే డిస్ట్రిబ్యూషన్ బాక్స్ పెట్టి, దానికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) బిగించారు. అంతా బాగుంది. కానీ వెనక గదిలో లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయేది. ఇన్వర్టర్‌దే తప్పనుకున్నాం. తీరా చూస్తే ఆ గది ఫేజ్‌ని కొత్త బాక్స్‌లోకి మార్చి, న్యూట్రల్‌ని పాత బాక్స్‌లోనే వదిలేశారు. ఫేజ్ ఒక దారిలో వెళ్ళి న్యూట్రల్ ఇంకో దారిలో తిరిగి వస్తుంటే ఆర్‌సీసీబీకి అది లీకేజీ లాగే కనిపిస్తుంది. బ్యాకప్‌లోకి వచ్చే ప్రతి సర్క్యూట్‌కీ ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసి రావాలి. గ్రిడ్ న్యూట్రల్, బ్యాకప్ న్యూట్రల్ ఎక్కడా కలవకూడదు. పాత ఇళ్ళలో రెండు గదులకు ఒకే న్యూట్రల్ లాగి ఉంటుంది, ముందుగా అది విడదీయించండి.

దీనితో ముడిపడి ఇంకో ప్రాణాపాయం ఉంది. గ్రిడ్ పోయినప్పుడు చాలా ఇన్వర్టర్లు న్యూట్రల్‌ని కూడా లైను నుంచి విడదీస్తాయి. అప్పుడు న్యూట్రల్‌కి ఎర్త్‌తో సంబంధం లేకపోతే, ఎర్త్ లీకేజీ జరిగినా ఆర్‌సీసీబీ పడదు. కొన్ని ఇన్వర్టర్లలో బ్యాకప్ మోడ్‌లోకి రాగానే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపే రిలే లోపలే ఉంటుంది, కొన్నిటిలో సెట్టింగ్ మార్చాలి, కొన్నిటిలో బయట పెట్టాలి. మెయిన్ ఆపి, బ్యాకప్ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరుతో కొలిపించండి. సున్నా దగ్గర చూపిస్తే కలిసి ఉన్నట్టు. మొత్తం వోల్టేజ్‌లో సగం దాకా చూపిస్తే న్యూట్రల్ గాలిలో తేలుతున్నట్టు. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి సరిపెట్టుకోవద్దు. న్యూట్రల్ తేలుతున్నా ఆ బటన్ పనిచేస్తుంది. శాశ్వతంగా తీగ వేసి కలిపేయడం కూడా తప్పే, గ్రిడ్ ఉన్నప్పుడు రెండు చోట్ల కలిసినట్టవుతుంది.

చివరగా, ఇన్వర్టర్ చెడిపోతే ఇంటిని నేరుగా గ్రిడ్ మీదికి మార్చే 1-0-2 ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి. రిపేరుకు వెళ్ళిన పదిహేను రోజులు మిమ్మల్ని కాపాడేది అదే.

మొదటిసారి ఆన్ చేయడం

మీ మాన్యువల్ చెప్పిన వరసే పాటించాలి. చాలా ఇన్వర్టర్లకు ముందు బ్యాటరీ, తర్వాత ఇన్వర్టర్ స్విచ్, ఔట్‌పుట్ వోల్టేజ్ కొలిచాక ప్యానెళ్ళు, ఆఖరున గ్రిడ్. ఆపేటప్పుడు తిరుగుదారి. ప్యానెళ్ళ తీగలు కలిపే ముందు వోల్టేజ్, ప్లస్ మైనస్ మీటరుతో చూడాలి. ఎండలో లోడు నడుస్తుండగా ఎంసీ4 కనెక్టర్ పీకకూడదు.

సెట్టింగుల్లో ముందు బ్యాటరీ రకం. కేబుల్ మాట్లాడకపోతే వోల్టేజ్‌లు చేత్తో పెట్టాలి: పదహారు సెల్స్ లిథియం ప్యాక్‌కి ఛార్జింగ్ 55.2 నుంచి 56.8, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజ్) 54, కింద ఆపేది 48 వోల్టులు సాధారణంగా క్షేమం, బ్యాటరీ కంపెనీ వేరే అంకె ఇస్తే అదే ఖాయం. ఛార్జింగ్ 100 ఆంపియర్ అవర్ ప్యాక్‌కి 50 ఆంపియర్లు దాటించకండి.

తర్వాత దేనికి ముందు స్థానం అన్నది. చాలా యూనిట్లలో ఎస్‌బీయూ అంటే సోలార్, ఆ తర్వాత బ్యాటరీ, అవి చాలకపోతేనే గ్రిడ్. ఎస్‌యూబీ అంటే సోలార్ తర్వాత గ్రిడ్, బ్యాటరీ ఆఖరున. బిల్లు తగ్గించుకోవాలంటే మొదటిది బాగుంటుంది, కానీ సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ చేసుకుని కూర్చుంటే రాత్రి కరెంటు పోయినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. బ్యాకప్ కోసం పెట్టుకున్నవారు ఎస్‌బీయూ వాడినా, 50 శాతానికి రాగానే గ్రిడ్‌కి మారేలా పెట్టుకోండి. కంప్యూటర్లు ఉంటే ఇన్‌పుట్ రేంజ్‌ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి, మారే సమయం 10 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. అప్లయన్స్ మోడ్‌లో 20 దాకా పడుతుంది. గ్రిడ్‌కి పంపే అనుమతి లేకపోతే ఎక్స్‌పోర్ట్ సున్నా చేసి, సీటీ (మెయిన్ తీగ చుట్టూ తగిలించే కరెంటు సెన్సర్) మీది బాణం గుర్తు మాన్యువల్‌లో చెప్పిన వైపే ఉందా చూడండి. తిరగబడితే కొనేది పంపుతున్నట్టు, పంపేది కొంటున్నట్టు లెక్క తప్పుతుంది.

ఇప్పుడు మెయిన్ ఆపండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మిక్సీ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. గంటసేపు నడిచాక బ్యాటరీ తీగల కొనలు వేడెక్కాయేమో చూడమనండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత ఉంటే బిగింపు వదులుగా ఉన్నట్టే.

గ్రిడ్ అసలే లేని చోట

బ్యాటరీ ఒక రాత్రికి కాదు, రెండు మూడు మబ్బు రోజులకు లెక్క వేయాలి. అంత బ్యాటరీ కొనడం కంటే కొంత పెంచి, చిన్న జనరేటర్ తోడు పెట్టుకోవడం తేలిక. జనరేటర్ వోల్టేజ్ ఊగుతుంది కాబట్టి, హెచ్చుతగ్గులను ఎక్కువగా ఒప్పుకునే అప్లయన్స్ మోడ్ కావాలి, ఛార్జింగ్ 30 ఆంపియర్లకు కట్టేయాలి. అదే సుమారు 1.6 కిలోవాట్ల లోడు. ఎక్స్‌పోర్ట్ చేయగల హైబ్రిడ్‌కి జనరేటర్ కలిపితే, ఎక్స్‌పోర్ట్ ఆపకపోతే అది జనరేటర్‌లోకే పవర్ తోస్తుంది. జనరేటర్ కోసం వేరే పోర్టు ఉంటే అదే వాడండి. వీలైతే ఒక పెద్ద ఇన్వర్టర్ బదులు సమాంతరంగా నడిచే రెండు చిన్నవి పెట్టండి, ఒకటి పోయినా లైట్లయినా వెలుగుతాయి.

ఆ తర్వాత పెద్ద పనేమీ ఉండదు. ప్యానెళ్ళను చల్లటి వేళ నీళ్ళతో కడగడం, ఇన్వర్టర్ దుమ్ము జాలీ శుభ్రం చేయడం, ఏడాదికోసారి టెర్మినళ్ళు బిగించడం, నెలకోసారి కావాలనే మెయిన్ ఆపి చూడటం. ఇల్లు బ్యాకప్ మీద ఎలా నడుస్తుందో, ఛేంజోవర్ స్విచ్ ఏ స్థానంలో ఏం చేస్తుందో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి బాక్స్ తలుపు లోపల అతికించండి. మీరు ఊళ్ళో లేనప్పుడు ఆ స్విచ్ తిప్పాల్సింది మీ అమ్మగారో, పిల్లలో కావచ్చు.